కండ ఎవరిది?

"మోయలేనంటే మోయలేను! ఈ వయసులో నాకు కండెక్కడుంది?" మేనకోడలి ల్యాబులోనే గొడవకు దిగాడు పెద్దాయన.

"నాకు మాత్రం ఉందా? మూడంతస్తులు, లిఫ్టు లేదు. రోజూ ఆ నీళ్ల క్యాను నేనే పైకి చేర్చాలా?" అంది భార్య.

మేనకోడలికి నవ్వొచ్చింది. వయసు మళ్లినవాళ్ల కండబలం గురించి రక్తంలోని ప్రోటీన్లు ఏం చెబుతాయో పరిశోధించడమే ఆమె ఉద్యోగం. "పోట్లాటెందుకు? ఇద్దరి రక్తమూ చూస్తా. కండ ఎవరికి ఎక్కువని తేలితే వాళ్లే మోయాలి. సరేనా?"

సరేనన్నాడు కానీ పెద్దాయన గుండెల్లో రాయి పడింది. ఇంట్లో మూలుగుతూ తిరిగే ఆ మహానుభావుడు స్నానాల గదిలో తలుపేసుకుని, అద్దం ముందు జబ్బలు బిగించి మురిసిపోతుంటాడు మరి. తనది ఉక్కు శరీరమని ఆయన నమ్మకం. ఆ సంగతి ఇప్పుడు రక్తం వాగేస్తే?

మేనకోడలు ఇద్దరికీ రక్తం తీసింది. "ఎడమది మావయ్యది, కుడిది అత్తయ్యది" అని పైకే అనుకుంటూ రెండు గొట్టాలనూ స్టాండులో పెట్టి, పేర్ల చీటీల కోసం పక్కగదిలోకి వెళ్లింది. భార్య మోచేతి దగ్గర దూది నొక్కుకుని, కళ్లు మూసుకుని కుర్చీలో వాలిపోయింది.

పెద్దాయన పిల్లిలా లేచాడు. అటుది ఇటు, ఇటుది అటు. తన ఉక్కు రక్తం ఇక ఆవిడ ఖాతాలోకి. తిరిగొచ్చి కూర్చుని, "అబ్బా, నడుము" అని మూలిగాడు కూడా.

వారం తర్వాత ఫలితాలొచ్చాయి.

"అత్తయ్యా, పాపం నీకు కండ బొత్తిగా తగ్గిపోయింది. ఇక బరువులెత్తకు. మావయ్యా, నీ వయసులో ఇంత కండ నేనెక్కడా చూడలేదు! క్యాను నీదే."

పెద్దాయన ముఖం మాడిపోయింది. అంటే, ఉక్కు ఆవిడదా? నోరు విప్పితే పరువు పోతుంది, విప్పకపోతే నడుం పోతుంది. పరువే ముఖ్యమనుకుని క్యాను భుజానికెత్తాడు. మొదటి అంతస్తుకే నాలుక బయటికొచ్చింది. రెండో అంతస్తులో మెట్టు మీద కూలబడ్డాడు.

"నావల్ల కాదే! ఆ రోజు గొట్టాలు మార్చేశాను. ఆ కండ నీది. అలా వదిలేసుంటే నేనే నెగ్గేవాణ్ణి!" ఏడుపొక్కటే తక్కువ.

చేతులూపుకుంటూ ఆయన్ని దాటి పైకెక్కేస్తూ భార్య అంది:

"ఓరకంట చూశానండీ. వద్దనడానికి నాకేం పిచ్చా?"