తలమీది అతుకు

"కదలకు!" అన్నాడు వెల్డింగ్ మాస్టారు భార్యతో.

జెయింట్ వీల్ అప్పుడే ఆగింది. కింద ఎవరో దిగుతున్నారు, ఎవరో ఎక్కుతున్నారు. వీళ్లిద్దరూ కూర్చున్న తొట్టి మాత్రం అందరికంటే పైన, గాలికి మెల్లగా ఊగుతోంది.

"ఏమైందండీ? మన ఇల్లు కనిపిస్తుందేమోనని చూస్తుంటే..."

"ఇల్లెక్కడికీ పోదు. నువ్వు కదలకు."

మాస్టారు జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని మళ్లీ పైకి చూశాడు. తొట్టి రెండు కడ్డీలకు వేలాడుతోంది. భార్య తలమీదున్న కడ్డీని పై ప్లేటుకు కలుపుతూ బెత్తెడు అతుకు ఉంది. అది ఎడమకు వాలి, మధ్యలో తడబడి, చివర చిన్న గుంట వదిలేసి ఆగిపోయింది. ఆ గుంటలోంచి వెంట్రుకంత సన్నటి గీత ఒకటి బయల్దేరింది. తొట్టి ఊగినప్పుడల్లా ఆ గీత నోరు తెరిచి మూస్తోంది.

మాస్టారికి పై ప్రాణాలు పైనే పోయాయి.

పగలంతా బాయిలర్ల కంపెనీలో పని, వారానికి మూడు సాయంత్రాలు కమ్యూనిటీ కాలేజీలో వెల్డింగ్ పాఠాలు. అతుకు చూసి వేసిన మనిషెవరో చెప్పేస్తానని క్లాసులో గొప్పలు పోతాడాయన. ఇది ఎవరిదో చెప్పడానికి అరక్షణం కూడా పట్టలేదు. టైలరమ్మది!

పదిహేనేళ్లు బట్టలు కుట్టి, నలభయ్యో ఏట వెల్డింగ్ నేర్చుకోవడానికొచ్చిన మనిషి. "ఇనుముకు కూడా కాజాలు కుడతావేంటమ్మా?" అని మాస్టారు ఏడిపించేవాడు. అతుకు గట్టిదో కాదో వంచి చూసే పరీక్షలో ఆవిడ అతికిన ముక్క నాలుగుసార్లు విరిగింది. అయిదోసారి వంచిన ముక్క వంక చూడకుండా, ఆవిడ మొహం వంక చూసి "పాస్" అని రాసేశాడు. ఆ కాగితం చూపించే ఆవిడ ఈ జెయింట్ వీల్ రిపేరు షెడ్డులో చేరింది. ఇవాళ "అమ్మగారిని కూడా తీసుకురండి" అని పిలిచి మరీ ఎక్కించిందీ ఆవిడే.

"నా పక్కకు జరుగు. మెల్లగా."

"ఇప్పుడేగా కదలొద్దన్నారు!"

"జరగమంటుంటే!"

"ఈ వయసులో ఏంటండీ, కింద జనం చూస్తారు" అంటూనే ఆవిడ ముసిముసిగా నవ్వుతూ జరిగింది. తొట్టి ఒక పక్కకు ఒరిగింది. పైన గీత కిర్రుమంది. మాస్టారు రెండు చేతులూ ఎత్తి ఆ కడ్డీని పట్టుకున్నాడు. అది తెగితే తను ఆపగలడా అంటే ఆపలేడు. అయినా పట్టుకున్నాడు.

"అంత గట్టిగా పట్టుకున్నారేంటి? ముప్ఫై ఏళ్ల కాపురంలో మిమ్మల్ని భయపెట్టింది నేనొక్కదాన్నే అనుకున్నా."

చక్రం కుదుపుతో కదిలింది. కిందికి దిగుతుంటే మాస్టారు గొంతు చించుకుని "ఆపండి, ఆపండి!" అని అరిచాడు. పాటల హోరులో అది ఎవరికీ వినపడలేదు. చక్రం నడిపేవాడు ఆయన సరదాగా కేకలు వేస్తున్నాడనుకుని చెయ్యి ఊపాడు. తొట్టి నేల దాటి మళ్లీ పైకి లేచింది.

ఈసారి మాస్టారికి ఏడుపొచ్చేసింది.

"నిన్ను నేనే చంపుకుంటున్నానే."

"ఏంటా మాటలు?" భార్య నవ్వు ఆగిపోయింది.

"పని రాని మనిషిని పాస్ చేశాను. ఆవిడ చేతి అతుకే నీ తలమీద ఉంది. పగిలింది."

ఆవిడ పైకి చూసింది. అరవలేదు, లేవలేదు. భర్త మోచేతిని రెండు చేతులా గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుంది. ఆవిడ గోళ్లు చర్మంలో దిగుతున్నా మాస్టారు కడ్డీ వదల్లేదు. పైన ఒక్క క్షణం, దిగడం ఒక యుగం. ఆ గీత చిటికెన వేలి గోరంత వెడల్పు అవడం ఆయన కళ్లారా చూశాడు.

చక్రం ఆగింది. తొట్టి అడుగు నేలకు జానెడు ఎత్తులో ఉంది. మాస్టారు భార్యను దాదాపు బయటికి తోసేసి, తనూ దూకి, మోకాళ్ల మీద పడ్డాడు.

టైలరమ్మ షెడ్డులోంచి నవ్వుకుంటూ వచ్చింది. "ఎలా ఉంది మాస్టారూ?"

"ఎలా ఉందా? పైకి చూడు! నా బుద్ధి గడ్డి తిని నీకు పాస్ అని రాశాను. ఇలాంటి అతుకు మనుషుల నెత్తిన పెడతావా?"

ఆవిడ తొట్టి అంచెక్కి అతుకును వేలితో తడిమింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. దిగి, పాటలు ఆపించి, చక్రాన్ని ఒక్కో తొట్టి చొప్పున తనే దగ్గరుండి తిప్పించింది. ముసలివాళ్లకు చెయ్యందించింది. చివరి మనిషి దిగేదాకా ఎవరినీ లోపలికి రానివ్వలేదు. ఆ తర్వాత వచ్చి మాస్టారి ఎదుట నిలబడింది.

"ఇప్పుడైనా ఒప్పుకో" అన్నాడు మాస్టారు. "అది నీ చేతి పనేనా, కాదా?"

ఆవిడ తలెత్తలేదు.

"మనుషులు కూర్చునేదానికి నా చేతిని నేనే నమ్మలేక, మొన్న బుధవారం ఆ కడ్డీనీ ప్లేటునీ మీ క్లాసుకు మోసుకొచ్చి, 'అతుకు ఒక్కసారి వేసి చూపించండి' అని మీ చేతే వేయించుకున్నాను మాస్టారూ."