పన్నెండు గంటల పరగడుపు

“ఒక్క ముక్క తినరా!” బేరో పెదనాన్న కాల్చిన చేపను తెకాయి ముక్కు దగ్గర పెట్టాడు.

“వద్దు పెదనాన్నా! ఎనిమిదింటికి రక్తంలో కొవ్వు పరీక్ష. పన్నెండు గంటలు పరగడుపున ఉండాలి.”

తింటే ఇవాళ రక్తం తియ్యరు. ఇవాళ తియ్యకపోతే రేపటి విమానంలో ఇతని బదులు ఇంకొకడు వెళ్ళి ఓడెక్కుతాడు. రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగితే దొరికిన ఓడ ఉద్యోగం మరి! పోయినసారి వెళ్తే పద్నాలుగు నెలలకు గాని ఇల్లు చూడలేదు.

“బుబుతి అడుగుతున్నానురా!”

తెకాయికి చెమటలు పట్టాయి. బుబుతి అని నోరు తెరిచి అడిగితే తారవా దీవిలో ఎవరూ కాదనరు. చొక్కా అడిగినా, పడవ అడిగినా ఇచ్చెయ్యాల్సిందే.

“కాదంటున్నాను. తిట్టుకో,” అన్నాడు తలొంచుకుని.

పెదనాన్న గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. పెళ్ళాం మరేవా కళ్ళు తుడుచుకుంది. నిన్న రాత్రి నుంచి మొగుడితో పాటు ఆమె కూడా ఏమీ తినలేదు.

“పెద్దాయన్ని అలా పంపేస్తావా? రేపు ఊళ్ళో తలెలా ఎత్తుకోను?”

“ఓడెక్కాక అందరికీ క్షమాపణలు పంపుతాలే!”

అంతలో బావమరిది వచ్చాడు. “బావా, ఇప్పుడే చెట్టు నుంచి దింపిన కల్లు. తేనెలా ఉంది. బుబుతి!”

వాణ్ణి వదిలించుకునేలోపు తెరేతియా అమ్మమ్మ కొబ్బరిపాలలో ఉడికించిన దుంప పట్టుకొచ్చి గుమ్మానికి అడ్డంగా కూలబడింది. “రేపటికి ఉంటానో లేదో. నా చేత్తో ఒక్క ముద్ద తిను నాయనా. ఇది నా బుబుతి.”

ముందు అమ్మమ్మ, పక్కన బావమరిది, కడుపులో ఆకలి. ఎటూ దారి లేదు. తెకాయికి ఏడుపొచ్చింది.

“ఊరంతా ఇవాళే తిండి పట్టుకుని మీద పడిందేంట్రా దేవుడా!” అంటూ ఇంటి వెనకనుంచి దూకి, పందుల దొడ్డి దాటి ఆసుపత్రికి ఒకటే పరుగు.

“ఏమైనా తిన్నావా?” అడిగింది నర్సు.

“తిట్లు తప్ప ఏమీ తినలేదు.”

ఆవిడ నవ్వి సూది గుచ్చింది. మధ్యాహ్నానికల్లా కాగితం చేతికొచ్చింది. కొవ్వు మామూలుగానే ఉంది, ఓడెక్కొచ్చు!

ముందు మరేవాకే చెప్పాలని పరుగున ఇంటికొచ్చాడు. లోపల ఆమె వెక్కి వెక్కి ఏడుస్తోంది. అమ్మమ్మ ఆమె తల ఒళ్ళో పెట్టుకుని నిమురుతోంది.

“నువ్వు అడగమన్నట్టే అందరం అడిగాం, వాడు తినకపోతే ఏం చెయ్యనే?”