గేటు కింది రేకు

"అన్నా, ఈ గేటుకు కింద రేకు ఎప్పుడు కొట్టిచ్చినారు?"

ఇస్సాకు తల ఎత్తలేదు. వైర్ బ్రష్‌తో గేటు కడ్డీల మీది తుప్పు గీకుతున్నాడు. మీసాల నిండా ఎర్రటి పొడి.

"ఎప్పుడో కొట్టిచ్చినాం. ఎందుకప్పా?"

"ఊరికే అడుగుతాండా."

అప్పుడు చూశాడు. అరవై దాటిన మనిషి. భుజాన తువ్వాలు, చేతిలో గుడ్డసంచి, నొసట నామం. ఒక కాలు ఈడ్చుకుంటూ వచ్చి రోడ్డు వారగా నిలబడ్డాడు. ఆయన వెనక నంద్యాల వైపు లారీలు పోతున్నాయి.

"యాడికి పోతాండావ్?"

"అహోబిలం. బస్సుకింకా చానా సేపుందంట. ఇట్ల నడుసుకుంటా వచ్చినా."

ఇస్సాకు మళ్లీ పనిలో పడ్డాడు. మాటలకు తీరిక లేదు. మర్నాడే కూతురు జెస్సీకి ప్రధానం. కొలిమిగుండ్ల నుంచి పిల్లవాడి వాళ్లు ఉంగరం, బైబిలు తీసుకొని వస్తారు. వాళ్ల కళ్లకు మొదట కనపడేది ఈ గేటే. ఇంతకు ముందు ఒక సంబంధం ఇంటి దాకా వచ్చి తప్పిపోయింది. ఎవరో లేనిపోనివి చెప్పారు. ఈసారి అలా కాకూడదు.

అసలు తుప్పు మీదే రంగు కొట్టేద్దామనుకున్నాడు. భార్య జీవమ్మ ఒప్పుకోలేదు.

"మొగం కడుక్కోకుండానే పౌడరు పూసుకుంటావా? ముందు గీకు పో."

గీకాడు. ఉప్పుకాగితం పట్టాడు. పొడిగుడ్డతో తుడిచాడు. రెడ్ ఆక్సైడ్ డబ్బా మూత తీసి పుల్లతో కలిపి, పైనుంచి పూసుకుంటూ వచ్చాడు. చీకటి పడేలోగా అది ఆరితే, తెల్లారి పచ్చరంగు వేయొచ్చు. ఆకాశం చూస్తే మబ్బుగా ఉంది.

అడుగున ఉన్న రేకు దాకా వచ్చేసరికి విసుగు పుట్టింది. మూల మీద తుప్పు తిని చిల్లులు పడింది.

"దరిద్రపు రేకు. ఈసారికి పూస్తాండా గానీ, పెండ్లయినాక కోయిచ్చి పారేస్తా," అన్నాడు తనలో తాను.

"అది మాత్రం తీయొద్దన్నా!"

ఇస్సాకు ఉలిక్కిపడ్డాడు. ఆ మనిషి ఇంకా అక్కడే ఉన్నాడు.

"ఏందీ? నా గేటుకు ఏముండాల్నో నువ్వు చెప్తావా?"

"కోపం చేసుకోవాకు. ఇంట్లో పాప ఉండాల గదా. బాగుందా?"

ఇస్సాకు చేతిలో బ్రష్ ఆగిపోయింది.

"మా ఇంట్లో పాప ఉందని నీకెవరు చెప్పినారు?"

ఆ మనిషి తడబడ్డాడు.

"ఎవరు పంపినారు నిన్ను? ఆరా తీయమన్నారా, లేకపోతే ఈ సంబంధం గూడా చెడగొట్టమన్నారా?"

"అయ్యో, అట్లాంటిదేం లేదు సామీ."

ఆయన మెల్లగా వంగి, రేకు గట్టిగా ఉందో లేదో చూస్తున్నట్టు దాని మీద అరచెయ్యి ఆనించాడు.

"చెయ్యి తియ్! రంగు పచ్చిగా ఉండేది కనపడ్లేదా?"

చెయ్యి తీశాడు. అరచెయ్యంతా ఎర్రగా అయింది. రేకు మీద అయిదు వేళ్లూ అచ్చు పడ్డాయి.

"రోంత నీళ్లియ్యన్నా. కడుక్కొని, రెండు గుక్కలు తాగి పోతా."

"గేటు తెరిస్తే పూసిందంతా పాడవుతాది. బస్టాండులో కుళాయి ఉంది, పో."

ఆయన తువ్వాలుకు చెయ్యి తుడుచుకున్నాడు. రంగు పోలేదు.

"పోతా గానీ, ఒక్క మాట చెప్పు. పాప బాగుందా?"

"బాగుంది! ఇంక బయల్దేరు."

ఆయన ముఖం విప్పారింది. ఎర్రచెయ్యీ, మామూలు చెయ్యీ కలిపి పైకి చూసి దండం పెట్టాడు. తర్వాత కాలు ఈడ్చుకుంటూ బస్టాండు వైపు నడిచాడు.

"ఎవురయ్యా అది?" వంటింట్లోంచి జీవమ్మ అడిగింది.

"ఎవరో నామాలాయన. నీళ్లడిగినాడు."

"ఇస్తివా?"

"గేటు పచ్చిగా ఉండె గదా."

వాన పడలేదు. దీపాలు పెట్టే వేళకు జెస్సీ నంద్యాల నుంచి చీర తీసుకొని వచ్చింది.

"నాయనా, రేకు మీద ఆ చెయ్యి ఎవురిది?"

"ఎవరిదో. పొద్దున ఉప్పుకాగితం పట్టి చెరిపేస్తాలే."

ముగ్గురూ చాప మీద మోకరించారు. జీవమ్మ కళ్లు మూసుకొని ప్రార్థన మొదలుపెట్టింది. రేపటి ప్రధానం కోసం, పిల్లవాడి కోసం, వానల కోసం ప్రార్థించింది. ఇస్సాకు మనసు పచ్చరంగు డబ్బా మీద ఉంది. ఆ తర్వాత జీవమ్మ రోజూ చెప్పే మాటల్లోకి వచ్చింది. ఏళ్ల తరబడి విని విని, ఇస్సాకు ఆ మాటలు వినడమే మానేశాడు. ఈ రోజు మాత్రం వినపడ్డాయి.

"మా జెస్సీ పాకుతా పాకుతా గేటు కింది సందులోంచి రోడ్డు మీదికి పోయిన పొద్దు, బిడ్డను తప్పించేదానికి లారీని గుంతలోకి దింపి కాలు విరగ్గొట్టుకున్నాడే ఆ డ్రైవరు, ఆయన్ని సల్లగా సూడు ప్రభువా..."

ఆ పొద్దు ఇస్సాకు పొలంలో ఉన్నాడు. కబురు తెలిసి నంద్యాల ఆసుపత్రికి వెళ్లేసరికి డ్రైవర్ని అతని వాళ్లు ఊరికి తీసుకుపోయారు. ముఖం చూడలేదు, పేరు తెలియదు. ఆ వారమే గేటు కింద రేకు కొట్టించాడు.

ఇస్సాకు కళ్లు తెరిచాడు. అహోబిలం బస్సు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. వాకిట్లో దీపం వెలుతురు పడి, లోపలికి తెరిచి ఉన్న గేటు రేకు మీద అయిదు వేళ్లూ కనపడుతున్నాయి.

జీవమ్మ కళ్లు మూసుకునే, ఎప్పటిలాగే ముగించింది.

"ఒక్కసారి ఆయన్ని మా గేటు కాడికి పంపు తండ్రీ."