మూరెడు సందు

"ఆ సందు పూడ్చకుండ్రి సార్," అన్నాడు పెద్దాయన.

నేతన్ కంప్యూటర్ ముందు నుంచి తల ఎత్తి చూశాడు.

పంజాగుట్ట ఫ్లైఓవర్‌కు ఎదురుగా నాలుగో అంతస్తులో ఉన్న ఆ డిజైన్ ఆఫీసుకు అలాంటి మనుషులు రారు. ఊరవతల ఉన్న పార్కు నుంచి రెండు బస్సులు మారి వచ్చాడట. పేరు రాజనర్సయ్య. అక్కడ పిల్లలు బండెక్కి తిరిగే దయ్యాల గుహలో ముప్పై ఏళ్లుగా ఊడ్చే పని. వానలో తడిసిన చెప్పులు తలుపు బయటే విడిచాడు.

ఆ పాత గుహను కొత్త మిషన్లతో మార్చే పని నేతన్‌ది. ట్రయల్ నచ్చితే మిగతా పార్కు పనంతా ఈ ఆఫీసుకే ఇస్తారు. నచ్చకపోతే నేతన్ ఉద్యోగం ఉండదని బాస్ విజయేందర్ ముందే చెప్పాడు.

నేతన్ డ్రాయింగు తీశాడు. చివరి మలుపులో, గోడ వెనక, మూరెడు వెడల్పు సందు. దాని మీద ఎర్ర గీత కొట్టి 'వృథా' అని రాసింది తనే.

"ఎందుకు ఉంచాలి?"

రాజనర్సయ్య రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"జర గాలి ఆడుతది సార్."

"దయ్యాలకు ఉక్కపోస్తదా తాతా?" అన్నాడు విజయేందర్.

పెద్దాయన కూడా నవ్వాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు.

"అరిచే పిల్లలు వేరు, ఏడ్చే పిల్లలు వేరు సార్. మీ మిషన్‌కు గా తేడా సుత నేర్పుండ్రి."

సాయంత్రం పార్కు యజమానురాలు చంద్రిక ఫోన్ చేసింది. మీ స్వీపర్లు కూడా మాకు సలహాలిస్తున్నారు మేడమ్ అని నేతన్ సరదాగా అన్నాడు. ఆమె నవ్వలేదు. పేరు అడిగింది.

నేతన్ చెప్పాడు.

గుహలో ఏది మార్చినా ఆమెకు అభ్యంతరం లేదు, ఒక్క దయ్యం గుణం తప్ప. చివరి మలుపులో, జుట్టు విరబోసుకుని పైనుంచి బండి మీదికి దబ్బున దిగే దయ్యం అది. బండిలో పసివాళ్లెవరైనా నిజంగా ఏడిస్తే మాత్రం దిగేది కాదు. పైనే ఆగిపోయేది. 'ఏడ్చే పిల్లల్ని వదిలేసే దయ్యం' అని పార్కు బోర్డుల మీద ఏళ్లుగా రాసి ఉంది. తన తండ్రి ఏదో మంచి మిషన్ పెట్టించాడని చంద్రిక నమ్మకం.

నేతన్ గుహంతా విప్పించాడు. ఆ మిషన్ దొరకలేదు. పాడైతే ఎవరో తీసేసి ఉంటారనుకున్నాడు. ఏడుపును గుర్తుపట్టే కొత్త సెన్సరు తెప్పించి, సందు పూడ్పించి, ఆ గోడకే బిగించాడు.

మూడు నెలల తర్వాత ట్రయల్ జరిగింది.

మొదటి బండిలో పిల్లలు సంబరంగా కేకలు పెట్టారు. సెన్సరు దాన్ని ఏడుపనుకుంది. దయ్యం దిగలేదు. పిల్లలు ఉసూరుమన్నారు.

రెండో బండిలో చంద్రిక ఐదేళ్ల కూతురు హైందవి ఎక్కింది. భయంతో ఆ పిల్లకు గొంతు పెగల్లేదు. పెదాలు బిగబట్టి లోలోపలే ఏడ్చింది. సెన్సరుకు ఏమీ వినపడలేదు.

దయ్యం దిగింది.

బండి బయటికి వచ్చేసరికి పిల్ల గౌను తడిసిపోయి ఉంది. తల్లి ఎత్తుకున్నా వణుకు తగ్గలేదు.

"దీని వయసులో నేనూ ఇలాగే ఏడ్చాను. నన్ను వదిలేసింది," అంది చంద్రిక. "ఆ పాత మిషన్ వెతికి పెట్టండి. వారం చూస్తాను."

గుహ పాత మెకానిక్ దయానందం అమీర్‌పేటలో కూతురి జిరాక్స్ షాపులో కూర్చుంటున్నాడని తెలిసి, నేతన్ మర్నాడే వెళ్లాడు. ఆ సెన్సరు ఎక్కడ పెట్టారంకుల్ అని అడిగాడు.

"గా దయ్యానికి సెన్సరెక్కడిది బాబూ? తాడు, గిలక. బండి చక్రం కొక్కేన్ని తంతే పడుడే. ముప్పై కిలోలుంటది. ఎవరి మీదైనా పడుతది."

"మరి పిల్లలు ఏడిస్తే ఆగేది కదా?"

దయానందం జిరాక్స్ మిషన్ ఆపేశాడు.

మెకానిక్ తప్ప వేరేవాళ్లు తాడు ముట్టుకుంటే ఉద్యోగం తీసేస్తారని అక్కడ రూలు. అందుకే ఇన్నేళ్లూ తను నోరు విప్పలేదన్నాడు. ఇప్పుడు చెప్పినా ఎవరికీ పోయేదేం లేదన్నాడు.

"ఎవరో ఆఫీసోళ్లు మేడమ్‌కు ఏందో చెప్పిండ్రని గాయన్ను నౌకరికెల్లి తీసేసిండ్రు. పోయిన నెల మనిషే పోయిండు. ఆఖరి నీళ్లు పోస్తుంటే చూసిన, రెండు అరచేతులు తాడు కోసిన కాయలే."

నేతన్ చేతిలోని డ్రాయింగు మడిచి పక్కన పెట్టాడు.

"ముప్పై ఏండ్లు గా సందుల నిలవడి, పిల్లల ఊపిరి విని, ఏ పిల్ల ఏడ్చినా గా దయ్యాన్ని ఉత్త చేతులతోని పైననే పట్టి ఆపింది మా రాజనర్సయ్యనే బాబూ."