మూడో తనిఖీ

మంచు మీద బూట్ల చప్పుడు వీధి మలుపులో వినిపించగానే మిసావో తల ఎత్తింది. ఆ నడకను ఆమె వందమందిలోనైనా గుర్తుపడుతుంది.

"తనిఖీ ఆయన, అత్తయ్యా! వచ్చేస్తున్నారు."

"వస్తే రానీ. పులా ఏంటి, మింగెయ్యడానికి?" అంది షిగె. అంటూనే తరుగుతున్న ముల్లంగిని పక్కకు నెట్టి, చీపురు తీసుకుని లేతు మెషిన్ చుట్టూ మట్టినేలను ఊడవబోయింది.

"ఊడవకండి! దుమ్ము లేస్తుంది!"

ముసలావిడ చీపురును పామును వదిలినట్టు వదిలేసింది.

యుద్ధం ముగిసిన కొన్నేళ్లకు ఇంజన్ల కంపెనీ ఈ సరస్సు ఒడ్డు పల్లెల్లో కొన్ని ఇళ్లకు లేతులు ఇచ్చింది. చలికాలం పొలం పనులు ఉండవు కదా, ఇంటిపట్టునే ఉండి ఇంజను భాగాలు చేసివ్వండి అంది. మిసావో చేసేది చిటికెన వేలంత ఉక్కు పుల్ల. డీజిల్ ఇంజనుకు చమురు కొట్టే పంపులో అది పైకీ కిందికీ ఆడుతుంది. కంటికి ఆనని గీత ఒక్కటి పడినా, వెంట్రుకవాసి సన్నబడినా చాలు, వరిపొలంలో ఇంజను మొరాయిస్తుంది. అదే చేపల పడవ ఇంజనైతే నడిసముద్రంలో ఆగిపోతుంది.

లేతు రాకముందు చలికాలమంతా మిసావో కొండల అవతల పట్టుమిల్లులో ఉండేది. ఒక వసంతంలో తిరిగొచ్చేసరికి కూతురు చిజు ఆమెను గుర్తుపట్టలేదు. ఎవరో పరాయి మనిషిని చూసినట్టు చూసి నాయనమ్మ వెనక దాక్కుంది. ఇక ఆ మిల్లు గడప తొక్కనని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది మిసావో.

కానీ ఏ ఇంటి సరుకైనా తనిఖీలో మూడుసార్లు తప్పితే లేతు వేరే ఇంటికి వెళ్లిపోతుంది. దానికోసం ఊళ్లో ఎందరో కాచుకుని ఉన్నారు. మిసావో సరుకు ఇప్పటికే రెండుసార్లు తప్పింది.

"పోనీ, నేనొకసారి బతిమాలి చూడనా?" అంది షిగె.

"వింటారా?"

"వినడు. కోడిగుడ్డుకు ఈకలు పీకే రకం. కన్నతల్లి కాళ్లమీద పడ్డా కరగడు." ముసలావిడ నిట్టూర్చింది. "ఈ ఇంట్లో మగదిక్కు ఉన్నాడన్న పేరే గానీ, ఇలాంటప్పుడే అక్కరకు రాడు."

"ఆయన్నేమీ అనకండి, అత్తయ్యా."

తలుపు పక్కకు జరిగింది. తనిఖీదారు భుజాల మీది మంచు దులుపుకుని లోపలికి వచ్చాడు. నల్ల టోపీ తియ్యలేదు. బూట్లు విప్పలేదు. తనిఖీకి వచ్చిన ఇంట్లో అతను మట్టినేల దాటి చాపల గదిలోకి ఎక్కడు. పచ్చి మంచినీళ్లు కూడా ముట్టడు. అయినా మిసావో అలవాటుకొద్దీ టీ అందించబోయింది. అతను వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"సరుకు చూపించండి."

ఆమె పళ్లెం తెచ్చి పెట్టింది. పుల్లలు ఒకదానితో ఒకటి తగిలి గలగలలాడాయి.

అతను ఒక్కో పుల్లను చమురులో ముంచి, ఉక్కు గొట్టంలోకి దూర్చి, గొట్టాన్ని ఏటవాలుగా పట్టుకుని వదులుతున్నాడు. పుల్ల తన బరువుకు తానే నెమ్మదిగా జారాలి. మధ్యలో ఆగకూడదు. తొందరపడకూడదు.

మొదటిది మెల్లగా జారింది. రెండోదీ అంతే. మిసావో ఊపిరి కూడా పుల్లతోపాటే దిగుతోంది, పుల్లతోపాటే ఆగుతోంది.

లోపలి గదిలో చిజు దగ్గింది. తనిఖీదారు తల ఒక్కసారి అటు తిరిగింది. మళ్లీ గొట్టం మీదికి వచ్చింది.

పళ్లెం దాదాపు ఖాళీ అయింది. మిసావోలో చిన్న ఆశ మొలకెత్తింది.

టక్.

పుల్ల జారలేదు, పడింది. అతను దాన్ని తీసి, తుడిచి, మళ్లీ చమురులో ముంచాడు. తిప్పి దూర్చాడు.

టక్.

"అది చేసిన రోజు పిల్లకి జ్వరం, బాబూ!" షిగె ఇక ఆపుకోలేకపోయింది. "దాని ఒళ్లు పెనంలా కాలిపోతోంది. చంకలో పిల్లని పెట్టుకుని లేతు దగ్గర నిలబడింది ఈ పిచ్చిది."

"తెలుసు," అన్నాడతను తల ఎత్తకుండా.

"తెలిస్తే మరి చూసీచూడనట్టు పోనియ్యి. ఇన్నింట్లో ఒక్కటి! ఏం కొంప మునుగుతుంది?"

"పడవ మునుగుతుంది."

"ఈ ఒక్కసారికి వదిలెయ్యండి," అంది మిసావో. "నేను మిల్లుకి పోతే పిల్ల మళ్లీ నన్ను మరిచిపోతుంది. దానికి ఇంకా నాలుగేళ్లు కూడా నిండలేదు."

అతను జేబులోంచి సుద్దముక్క తీశాడు. అది లేతు దాకా వెళ్లి గాలిలో ఆగిపోయింది. మిసావో ఆ చేతినే చూస్తోంది. ఆ వేళ్లు వెనక్కి వెళ్తాయేమోనని, వెళ్లాలని, తెలిసిన దేవుళ్లందరికీ మొక్కింది.

సుద్దముక్క కదిలింది. లేతు మీద అడ్డంగా ఒక తెల్ల గీత పడింది.

"ఎల్లుండి మనుషులు వస్తారు," అన్నాడతను గీత వైపే చూస్తూ. "విప్పుకుని తీసుకెళ్తారు."

మిసావో ఉన్నచోటే మట్టినేల మీద కూలబడింది. ఏడుపు రాలేదు. ఇప్పుడిక భయపడటానికి కూడా ఏమీ మిగల్లేదు. షిగె గోడవైపు తిరిగి, కత్తి అందుకుని, ముల్లంగిని చప్పుడు కాకుండా తరగసాగింది.

తనిఖీదారు టోపీ తీసి తన మేకుకు తగిలించాడు, మెట్టు మీద కూర్చుని బూట్లు విప్పుకున్నాడు, లోపలికి వెళ్లి దగ్గుతున్న కూతుర్ని ఎత్తుకొచ్చి భార్య ఒళ్లో పెట్టాడు.