బిందెలో మిగిలిన చేప

మిట్టమధ్యాహ్నం చెరువు మడుగు దగ్గర బిందెతో దొరికిన ముసలాయనను, కాపలా ఉన్న చౌడప్ప రెక్క పట్టుకుని చింతతోపులోకి తీసుకువచ్చాడు.

తోపులో అప్పటికే ఊరివారు తలలు పట్టుకుని కూర్చుని ఉన్నారు.

ఆ ఉదయమే గూళ్లలోంచి మరికొన్ని కొంగపిల్లలు రాలాయి. చెట్ల కింద కట్టిన వలలో పడినవి బ్రతికాయి. తక్కినవాటిని మన్నుచేసి వచ్చారు.

హిందూపురానికి చేరువలోని ఆ పల్లెకు కొన్నేళ్లుగా ఎర్రకాళ్ల కొంగలు వస్తున్నాయి. పురుటికి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలని ఊరు వాటిని ఆదరించింది. అవి ఉన్నన్నాళ్లు ఆ చెట్ల చింతకాయ రాల్చరు. పెళ్లి జరిగినా టపాకాయ పేల్చరు. చెరువులో వల వెయ్యరు. ఆ చేపలు వాటి పాలు.

తోపు బసవరాజుది. కొంగల కాపలా సంఘానికి పెద్ద కూడా ఆయనే. కొంగలు వచ్చిన నాటినుంచి ఆయన ఇంట సొంత చింతపండు లేదు. అందుకు ఆయన ఏనాడూ విచారించలేదు. ఇన్ని ఊళ్లుండగా తన తోపునే కోరి వచ్చాయని బంధువుల వద్ద చెప్పుకుని మురిసేవాడు.

ఈ ఏడు వాన మొహం చాటేసింది. చెరువు ఎండి, తూము దగ్గర ఒక్క మడుగు మిగిలింది. సంఘంవారు అంగడి చేపలు తెచ్చి తట్టలలో పెట్టారు. చచ్చిన చేపను కొంగ ముట్టదు. నీటిలో కదిలేదే దాని ఆహారం. ఇక ఆ మడుగే దిక్కు. అందులో మాత్రం, అమ్మవారి దయో ఏమో, చేప తరగలేదు.

అటువంటి మడుగు దగ్గర ఈ బిందె మనిషి దొరికాడు.

“ఏ ఊరప్పా నీది?” బసవరాజు అడిగాడు.

“పెనుకొండ తట్టు.”

“ఈడికేం పని?”

“బిడ్డల్ని చూసి పోదామని వచ్చినా.”

“ఎవరింట్లో ఉండారు నీ బిడ్డలు?”

ముసలాయన తల ఎత్తి చెట్లకేసి చూశాడు.

రాలిన పిల్లలను తన దొడ్డిలో సాకుతున్న ముత్యాలమ్మ ఊరుకోలేకపోయింది. “కొమ్మల మింద కాపురం పెట్టినారేమో అడుగన్నా.”

అంత దుఃఖంలోనూ నలుగురు నవ్వారు.

చౌడప్ప బిందె బోర్లించాడు. అడుగున ఉన్న నీళ్లతో పాటు వేలెడు చేప ఒకటి దుమ్ములో పడి ఎగిరింది.

నవ్వులు ఆగిపోయాయి.

“ఇదేంది?”

“ఒకటి మిగిలిపోయిండాదప్పా,” అన్నాడు ముసలాయన, తప్పు చేసినవాడిలా.

మిగిలినవి ఏమయ్యాయని ఎవరూ అడగలేదు. అడగవలసిన పని లేదనుకున్నారు.

ఆయన వంగి, ఆ చేపను దోసిట్లో ఎత్తుకుని, తడబడుతూ మడుగుదాకా పోయి విడిచిపెట్టాడు. భయపడి దొంగసొత్తు తిరిగి ఇచ్చాడని అందరికీ తోచింది.

చౌడప్ప ఆ ప్లాస్టిక్ బిందెను కాలితో తొక్కి పగలగొట్టాడు. మనిషిపై మాత్రం చెయ్యి పడనివ్వలేదు బసవరాజు. స్వయంగా బస్సుదాకా నడిపించాడు.

“పసిబిడ్డల నోటికాడ కూడు తీసేటోనికి ఈ ఊర్లో నీళ్లు గూడా పుట్టవు. మళ్లా పొలిమేర తొక్కొద్దు.”

ముసలాయన బస్సు మెట్టు మీద ఆగాడు.

“వానొచ్చేదాకా మీరు చూసుకుంటారు కదప్పా?”

“మా ఆడబిడ్డల సంగతి నువ్వు చెప్పల్లా మాకు?”

బస్సు వెళ్లిపోయింది.

ఆ తరువాత మడుగులో చేప కనబడలేదు.

కొంగలు నీటిలో నిలబడి, ముక్కులు ముంచి, ఉత్త నోళ్లతో గూళ్లకు తిరిగి వచ్చేవి. వలలు రోజురోజుకూ బరువెక్కాయి. ముత్యాలమ్మ దొడ్డి నిండింది, మెల్లగా ఖాళీ అయింది. సంఘంవారు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు.

చివరికి బసవరాజు హిందూపురం చేపల అంగడికి పోయి, ఎన్నడూ ఎవరిముందూ జోడించని చేతులు జోడించాడు.

“బతికిండే చేపలు కావల్లమ్మా. మా ఊరి కొంగలకు.”

అంగట్లో చేపలమ్మే రేష్మ తలెత్తి చూసింది.

“మీ ఊర్లో చెరువులో ఇడిసేకి దినామూ ఒక తాత బిందెలో తీసకపోతాండె కదన్నా. ఈదేటివే ఏరుకుంటాండె. బస్సులో నీళ్లు తొణికితే చస్తాయని బిందె ఒళ్లో పెట్టుకుంటాండె.”

బసవరాజు ఆయన ఇప్పుడు ఎక్కడ ఉంటాడని అడిగాడు.

“యాడుండాడు? పోయిన వారం మన్ను చేసిరంట. మీ ఊరికి పోనీలేదని దిగులు పెట్టుకున్యాడని వాళ్లోళ్లు చెప్పిరి.”

ఆయనకూ ఈ కొంగలకూ ఏమి సంబంధమో బసవరాజు అడిగాడు. బిందె నింపుతూనే రేష్మ చెప్పింది. బసవరాజు బస్సులో బిందె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

మడుగు దగ్గర చౌడప్ప, ముత్యాలమ్మ చూస్తుండగా బిందె వంచాడు. చేపలు జారి నీటిలో కలిశాయి.

బిందె ఎత్తుకోబోతే అడుగున ఏదో కొట్టుకుంది. ఒకటి మిగిలిపోయింది.

బసవరాజు దానిని దోసిట్లోకి తీసుకుని, విడిచిపెట్టకుండా అలాగే నిలబడ్డాడు.

“ఎవురన్నా ఆయప్ప?” అడిగింది ముత్యాలమ్మ.

“మనది పుట్టిల్లు కాదమ్మా,” అన్నాడు బసవరాజు. “రోడ్డు ఎడల్పు చేసేకి పెనుకొండ తట్టు నరికేసిన చింతతోపు ఆయప్పదే, ఈ కొంగలు పుట్టింది ఆడనే.”