ఎర్రరాయి ఉంగరం

నాకు చదువు రాదు. అందుకే కాలేజీ ఆటల లీగ్ ఆఫీసు నుంచి వచ్చిన విచారణాధికారి నా మాటలు తనే రాసుకుంటానని వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు. కింద సంతకం బదులు నేను ఇంటూ గుర్తు పెడితే, మా ఊరి కాలేజీ ఆటగాడు జవారిస్ ఈ సీజనంతా ఆడకూడదు.

"మిస్ ఒడెల్లా, అతన్ని మీ ట్రక్కులో ఎక్కించుకున్నారా?"

"చీలమండ వాచి వానలో కుంటుతుంటే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. రాసుకో. మాతో పోటీపడే ఆ పెద్ద యూనివర్సిటీలో కుర్రాళ్ళకి కొత్త ట్రక్కులే ఇస్తున్నారుగా, అక్కడికి వెళ్ళావా ఎప్పుడైనా?"

"అది కంపెనీ ప్రకటనల్లో కనిపించినందుకు ఒప్పందమండీ, రూల్ ప్రకారమే. మీది అభిమాని చేసిన ఉచిత సాయం, ఆటగాడు అది తీసుకోకూడదు."

"అయితే నా డొక్కు ట్రక్కుకి కూడా ప్రకటన వేయించాల్సింది!"

అతను నవ్వి, చల్లటి టీ గ్లాసు అందుకున్నాడు. వేలి ఉంగరం గాజుకు టంగుమని తగిలింది. ఎర్రరాయి. ఆ పెద్ద యూనివర్సిటీలో చదివినవాళ్ళు పెట్టుకునే ఉంగరం. మ్యాచుల్లో ఎదుటి గ్యాలరీలో వాళ్ళ వేళ్ళకి ఏళ్ళ తరబడి చూస్తున్నదే.

వచ్చే శనివారం మా ఆట వాళ్ళతోనే. నేనేమో అంతా చెప్పేశాను.

"ఆ ఉంగరం సంగతి కూడా రాయి. రాసిందంతా చదివి వినిపించు."

గడగడా చదివాడు. అందులో వాన లేదు, వాచిన కాలు లేదు, ఉంగరం లేదు. ట్రక్కు మాత్రం ఉంది. కలం నా చేతిలో పెట్టాడు.

కలాన్ని ఏప్రన్ జేబులో వేసుకుని, వెళ్ళి తలుపు గడియ పెట్టాను.

"మా పాస్టరమ్మకి ఫోన్ చేస్తున్నా నాయనా. ఆమె వచ్చి చదివేదాకా ఇద్దరం ఇక్కడే."

ఉంగరమున్న చెయ్యి మెల్లగా జేబులోకి వెళ్ళింది.